అరేలో డూప్లికేట్లు తీసేసినా ఒకటి మిగిలిపోతోంది, ఎందుకు?

సున్నా_నుంచి
అందరికీ నమస్కారం. జావాస్క్రిప్ట్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. ఒక అరేలో (వరుసగా పేర్చిన విలువల జాబితాలో) మళ్లీ మళ్లీ వచ్చిన అంకెలను తీసేసి ఒక్కోటి మాత్రమే ఉంచాలి. రెండు లూపులు రాశాను. బయటి లూపు ఒక అంకెను పట్టుకుంటుంది, లోపలిది దాని తర్వాత ఉన్న ప్రతి అంకెతో పోల్చి చూస్తుంది, సమానమైతే స్ప్లైస్‌తో అక్కడికక్కడే తీసేస్తుంది.

[4, 7, 4, 9] ఇస్తే [4, 7, 9] వస్తోంది. బాగానే ఉంది. [5, 5, 5] ఇస్తే మాత్రం [5, 5] వస్తోంది. ఒకటి పోతోంది, ఇంకొకటి పోవడం లేదు. అర్జంట్.

నిర్వాహకులు
శీర్షికలో ఉన్న ‘అర్జంట్’, మూడు ఆశ్చర్యార్థకాలు తీసేశాను. చర్చ కొనసాగించండి.

పాతకాపు
లూపు నడుస్తుండగా అదే అరేలోంచి తీసేయడం కూర్చున్న కొమ్మను నరకడమే. మీ [5, 5, 5]ను కాగితం మీద నడిపి చూడండి. లోపలి లూపు 1వ స్థానంలో ఉంది, అక్కడి 5ను తీసేసింది. ఆ వెంటనే 2వ స్థానంలోని 5 జరిగి 1వ స్థానంలోకి వచ్చింది. లూపు మాత్రం తన లెక్క ప్రకారం 2వ స్థానానికి పోయింది. అక్కడ ఏమీ లేదు. జరిగి వచ్చిన ఆ 5ను ఎవరూ చూడనే లేదు.

[4, 7, 4, 9]లో డూప్లికేట్లు పక్కపక్కన లేవు కాబట్టి బయటపడలేదు, అంతే.

అదే పద్ధతి కావాలంటే లోపలి లూపును చివరి నుంచి వెనక్కి నడపండి. అప్పుడు తీసేసినా జరిగేవి మీరు ఇప్పటికే చూసినవే. కానీ నా సలహా అడిగితే తీసేయడమే మానండి. కొత్త అరే ఒకటి పెట్టుకుని, అందులో లేనిదాన్ని మాత్రమే చేర్చుకుంటూ పొండి. స్ప్లైస్ పిలిచిన ప్రతిసారీ ఆ తర్వాతి అంశాలన్నీ ఒక్కో అడుగు ముందుకు జరగాలి, ఆ ఖర్చు కూడా తప్పుతుంది.

చురుకుచీమ
ఇంత కథ దేనికండీ? 2015 జావాస్క్రిప్ట్ ప్రమాణంతో సెట్ వచ్చింది, ఒకే విలువను రెండుసార్లు ఉంచుకోదు. అరేను సెట్‌లో వేయండి, మూడు చుక్కలతో తిరిగి అరేగా విప్పండి. ఒక్క వరుసలో అయిపోతుంది. ఏది ముందు వచ్చిందో ఆ వరుస కూడా చెదరదు.

సున్నా_నుంచి
పాతకాపు గారూ, కాగితం మీద నడిపాను, సరిగ్గా మీరు చెప్పినట్టే జరిగింది. చురుకుచీమ గారూ, సెట్ కూడా పనిచేసింది. కానీ ఇంటర్వ్యూల్లో సెట్ వాడకుండా రాయమంటారని విన్నాను. అందుకని మామూలు ఆబ్జెక్ట్‌తో ప్రయత్నించాను. ప్రతి అంశాన్నీ ఆబ్జెక్ట్‌లో కీగా పెట్టి, చివర్లో కీలన్నీ బయటికి తీశాను.

[10, "10", 2] ఇస్తే ["2", "10"] వచ్చింది. 2 ముందుకెందుకు వచ్చింది? అంకెలకు కొటేషన్లు ఎందుకు వచ్చాయి?

పాతకాపు
రెండూ ఆబ్జెక్ట్ కీల తీరు వల్లే. మామూలు ఆబ్జెక్ట్‌లో కీ అంటే స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే (సింబల్ సంగతి వదిలేయండి). అంకె 10, స్ట్రింగ్ "10" రెండూ ఒకే కీ అయిపోతాయి. పైగా పూర్ణాంకాల్లా కనిపించే కీలను జావాస్క్రిప్ట్ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి ఇస్తుంది, మీరు చేర్చిన వరుసలో కాదు. కాబట్టి మీకు విలువల రకమూ పోయింది, వరుసా పోయింది.

ఇండెక్స్‌ఆఫ్‌తో ఫిల్టర్ చేసే పాత పద్ధతి ఒకటుంది: ఒక అంశం మొదటిసారి కనిపించిన స్థానం, ఇప్పుడున్న స్థానం ఒకటే అయితే ఉంచు, లేకపోతే వదిలెయ్. ఇంటర్వ్యూకు అది చాలు. ఒక చిక్కు గుర్తుంచుకోండి. అరేలో నాన్, అంటే ‘అంకె కానిది’ అనే విలువ ఉంటే అది మొత్తంగా మాయమవుతుంది. నాన్ తనకు తానే సమానం కాదు, ఇండెక్స్‌ఆఫ్‌కు అది ఎన్నడూ దొరకదు, మైనస్ 1 వస్తుంది, ఏ స్థానంతోనూ సరిపోలదు. ఇన్‌క్లూడ్స్, సెట్ అలా కాదు. అవి నాన్‌ను నాన్‌తో సమానంగానే చూస్తాయి. ఒకే భాషలో సమానత్వానికి రెండు మూడు నిర్వచనాలు ఉన్నాయన్నమాట.

గణితపక్షి
వేగం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను.

రెండు లూపుల పద్ధతిలో అంశాలన్నీ వేర్వేరుగా ఉన్నాయనుకోండి. ప్రతి జతనూ పోల్చాలి. 1,000 అంశాలకు 4,99,500 పోలికలు. కంప్యూటర్‌కు అదొక లెక్కే కాదు. 1,00,000 అంశాలకు 499 కోట్ల 99 లక్షల 50 వేల పోలికలు. అంశాలు వంద రెట్లు పెరిగితే పని పది వేల రెట్లు పెరిగింది. ఇండెక్స్‌ఆఫ్ ఫిల్టర్ ఒక్క వరుసలో ఉన్నంత మాత్రాన మోసపోకండి. లోపలి లూపు అందులో దాగి ఉంది.

రెండో దారి, ముందు సార్ట్ చేయడం, అంటే చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చడం. సమానమైనవన్నీ పక్కపక్కకు చేరతాయి, ఆపైన ఒక్కసారి నడిచి పక్కదానితో పోల్చుకుంటే సరి. లక్ష అంశాలకు సార్టింగ్‌లో సుమారు 17 లక్షల పోలికల స్థాయి పని. యునిక్స్‌లోని యూనిక్ కమాండ్, సీ++ లోని స్టాండర్డ్ యూనిక్ రెండూ పక్కపక్కన ఉన్నవాటినే తీసేస్తాయి. సార్ట్ చేయకుండా వాటిని పిలిచి ‘పనిచేయడం లేదు’ అని ఫిర్యాదు చేసేవారు ప్రతి వేదికలోనూ ఉంటారు. సీ++ వాళ్లకు ఇంకో తద్దినం కూడా ఉంది. యూనిక్ నిజంగా ఏదీ తీసేయదు. ఉంచాల్సినవాటిని ముందుకు జరిపి, అవి ఎక్కడ ముగిశాయో చెబుతుంది. ఆ తర్వాతి తోకను ఎరేజ్‌తో మీరే కోసేయాలి.

మూడో దారి హాష్. విలువ నుంచి ఒక సంఖ్య లెక్కకట్టి, నేరుగా ఆ గదికి వెళ్లి ‘ఇంతకుముందు ఇక్కడికి వచ్చిందా’ అని చూడటం. ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1953లోనే ఈ ఊహను కాగితం మీద పెట్టాడు. లక్ష అంశాలకు సగటున లక్ష సార్లు చూస్తే చాలు. సెట్ వెనక ఉన్నది ఇదే. ఖర్చు మెమరీ రూపంలో కడతారు.

కేవలం పోలికలతోనే చేయాలంటే సార్టింగ్ స్థాయి కంటే తక్కువ పనిలో కుదరదు. దీన్ని ఇంకా విస్తృతమైన గణన నమూనాలో కూడా మైకేల్ బెన్-ఓర్ 1983లో నిరూపించాడు. హాష్ ఆ హద్దును దాటుతున్నట్టు కనిపించడానికి కారణం, అది విలువలను పోల్చడం కాకుండా విలువల లోపలికి తొంగి చూస్తుంది.

చురుకుచీమ
ఇరవై అంశాల అరేకు బెన్-ఓర్ దాకా వెళ్లారు. దండం.

గణితపక్షి
ఇరవై అంశాలకైతే రెండు లూపులు కూడా నిక్షేపంగా సరిపోతాయి. హాష్ లెక్కకట్టే ఖర్చు కూడా ఉంటుంది కాబట్టి చిన్న అరేలకు కొన్నిసార్లు రెండు లూపులే వేగంగా నడుస్తాయి. ఆ ఇరవై రేపు రెండు లక్షలైనప్పుడు మాత్రం కోడ్ తనంతట తాను మారదు.

వానచినుకు
నాది పైథాన్. సెట్‌లో వేసి లిస్టుగా మారిస్తే, స్ట్రింగుల వరుస నడిపిన ప్రతిసారీ మారుతోంది. అంకెలకు మాత్రం చక్కగా చిన్నదాని నుంచి పెద్దదానికి వస్తోంది. ఇంటర్‌ప్రెటర్‌లో ఏదైనా లోపమా?

తాళపత్రం
లోపం కాదు, కావాలని చేసింది. పైథాన్ సెట్ వరుసను కాపాడతానని ఎన్నడూ మాట ఇవ్వలేదు. స్ట్రింగుల హాష్‌ను ముందే ఊహించగలిగితే, ఒకే గదికి చేరే వేల కీలను పంపి సర్వర్‌ను కుంగదీయవచ్చు. అందుకని 3.3 వెర్షన్ నుంచి ప్రతి ప్రోగ్రామ్ మొదలైనప్పుడు హాష్‌లో ఒక యాదృచ్ఛిక విలువ కలుపుతున్నారు. మీ వరుస మారేది దానివల్లే. చిన్న పూర్ణాంకాలకు హాష్ అంటే ఆ అంకే. కాబట్టి అవి సార్ట్ అయినట్టు కనిపిస్తాయి. ఆ కనిపించడాన్ని నమ్ముకుని పరీక్షలు రాస్తే ఎప్పుడో ఒకప్పుడు కాలు జారుతుంది.

వరుస కావాలంటే సెట్ బదులు డిక్షనరీ వాడండి. డిక్ట్ ఫ్రమ్‌కీస్ అనే పద్ధతికి మీ లిస్టు ఇచ్చి, ఫలితాన్ని తిరిగి లిస్టు చేసుకోండి. డిక్షనరీ చేర్చిన వరుసను కాపాడుతుందని 3.7 నుంచి భాషే హామీ ఇస్తోంది. జావాలో ఈ పని లింక్డ్‌హాష్‌సెట్ చేస్తుంది. మామూలు హాష్‌సెట్ చేయదు.

ఇంకో సంగతి. పైథాన్‌లో 1, 1.0, ట్రూ మూడూ సమానం. మూడింటినీ సెట్‌లో వేస్తే ఒక్కటే మిగులుతుంది. జావాస్క్రిప్ట్ సెట్‌లో 1, ట్రూ వేర్వేరు.

గడియారంముల్లు
పీహెచ్‌పీ వాళ్లను మరిచిపోయారు. అరే_యూనిక్ డూప్లికేట్లను తీసేస్తుంది కానీ మిగిలినవాటి కీలను పాతవే ఉంచుతుంది. 0, 1, 3 అని నడుమ ఖాళీ మిగులుతుంది. దాన్ని జేసన్‌గా (డేటాను పంపుకునే పాఠ్య రూపంగా) మార్చి పంపితే అవతలి వైపు అరే బదులు ఆబ్జెక్ట్ అందుతుంది. అవతలివారు మనల్ని తిడతారు. అరే_వాల్యూస్‌తో మళ్లీ వరుస సంఖ్యలు వేయించండి.

పైగా అది మామూలుగా పోల్చేది స్ట్రింగులుగా మార్చి. అంకె 1, స్ట్రింగ్ "1" దానికి ఒకటే.

సున్నా_నుంచి
చాలా నేర్చుకున్నాను, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు అసలు పని చెబుతాను. మా అధ్యయన బృందంలో సభ్యులు ఒక్కో పాఠానికి జవాబులు ఫారంలో పంపుతారు. ప్రతి నమోదులో పేరు, సభ్యత్వ సంఖ్య, పాఠం సంఖ్య, పంపిన సమయం, జవాబు ఉంటాయి. కొందరు బటన్ రెండుసార్లు నొక్కుతారు, కొందరు జవాబు దిద్దుకుని మళ్లీ పంపుతారు. సెట్‌లో వేస్తే ఒక్క నమోదు కూడా తగ్గలేదు. కంటికి రెండూ అచ్చం ఒకటే అయినా!

పాతకాపు
మీ కంటికి ఒకటే, సెట్‌కు కాదు. ఆబ్జెక్ట్‌ల విషయంలో అది లోపల ఏముందో చూడదు. రెండూ మెమరీలో ఒకే వస్తువా కాదా అన్నదే చూస్తుంది. విడివిడిగా తయారైన రెండు ఆబ్జెక్ట్‌లు ఎప్పటికీ సమానం కావు.

చురుకుచీమ
జేసన్ స్ట్రింగిఫై చేసి ఆ స్ట్రింగులను సెట్‌లో వేయండి. మళ్లీ ఒక్క వరుస!

పాతకాపు
ఆ ఒక్క వరుసలో మూడు గోతులున్నాయి. పేరు ముందు, సంఖ్య తర్వాత ఉన్న ఆబ్జెక్ట్, సంఖ్య ముందు, పేరు తర్వాత ఉన్న ఆబ్జెక్ట్ వేర్వేరు స్ట్రింగులవుతాయి. విలువ అన్‌డిఫైన్డ్ అయితే ఆ కీ స్ట్రింగులోంచి ఎగిరిపోతుంది. నాన్ ఉంటే నల్ అయిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, ఈ అబ్బాయి నమోదుల్లో సమయం ఉంది. రెండుసార్లు నొక్కినా సమయం ఒక్క సెకను తేడాతో వేరుగా ఉంటుంది. మీ పద్ధతిలో ఒక్కటి కూడా పోదు.

సున్నా_నుంచి
అబ్బాయి కాదండీ, అమ్మాయిని. 😊 మరి ఏం చేయాలి?

పాతకాపు
క్షమించాలమ్మా. కోడ్ ముట్టుకునే ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. రెండు నమోదులు ఎప్పుడు ఒకటే? ఒకటే అయినవాటిలో ఏది ఉండాలి? మొదటిది జావాస్క్రిప్ట్‌కు తెలియదు, మీకే తెలుసు. రెండోది అడగకుండానే అందరూ కోడ్ రాసేస్తారు.

సున్నా_నుంచి
సభ్యత్వ సంఖ్య, పాఠం సంఖ్య రెండూ కలిస్తే ఒకటే. చివరిసారి పంపింది ఉండాలి, ఎందుకంటే అందులోనే దిద్దిన జవాబు ఉంటుంది.

తాళపత్రం
అయితే మ్యాప్ వాడండి. కీ తయారు చేసి, ప్రతి నమోదునూ ఆ కీ కింద పెడుతూ పొండి. అదే కీ మళ్లీ వస్తే కొత్తది పాతదాని మీద కూర్చుంటుంది. చివరికి మ్యాప్‌లోని విలువలు తీసుకోవడమే.

ఇక్కడొక మెలిక. విలువ చివరిదే ఉంటుంది, కానీ దాని స్థానం ఆ కీ మొదటిసారి కనిపించిన చోటే ఉంటుంది. అంటే నిన్న ఉదయం పంపి ఇవాళ సాయంత్రం దిద్దిన జవాబు, జాబితాలో నిన్న ఉదయపు స్థానంలో కనిపిస్తుంది. పైథాన్ డిక్షనరీలో కూడా ఇదే తీరు. చివరి స్థానం కావాలంటే పాత కీని ముందు డిలీట్ చేసి, తర్వాత పెట్టాలి.

ఇంకొకటి. అరేలో చివర ఉన్నది, సమయంలో చివరిది ఒకటేనని ఎవరు చెప్పారు? నమోదులు రెండు ఫైళ్ల నుంచి కలిపి ఉంటే వరుస తారుమారై ఉండవచ్చు. సమయం ప్రకారం సార్ట్ చేశాకే మ్యాప్‌లో వేయండి.

సున్నా_నుంచి
చేశాను. 340 నమోదుల నుంచి 211 వచ్చాయి. కానీ కొందరు సభ్యత్వ సంఖ్య ఖాళీగా వదిలేశారు. ఒక్కో పాఠానికి అలాంటివాళ్లలో ఒక్కరే మిగిలారు! మిగతావాళ్ల జవాబులు ఏమయ్యాయి?

గణితపక్షి
ఖాళీ, ఖాళీ సమానం కాబట్టి వాళ్లంతా ఒకే మనిషి అయిపోయారు. ‘తెలియదు’ అనేది ఒక విలువ కాదు. రెండు తెలియనివి సమానమని అనడానికి వీల్లేదు. కీ ఖాళీగా ఉన్న నమోదులను మ్యాప్‌లో వేయకుండా పక్కన విడిగా పెట్టండి.

వానచినుకు
సంఖ్య లేనివాళ్లకు పేరు వాడుకోవచ్చు కదా?

తాళపత్రం
వాడుకోవచ్చు, కానీ తెలుగు పేర్లయితే ముందు కొంచెం శుభ్రం చేయాలి. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

‘మైథిలి’ అనే పేరు తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా ‘ై’ పెట్టవచ్చు, లేదా ఎత్వం ‘ె’, దాని కింద ఐ పొడవు గుర్తు ‘ౖ’ అని రెండు సంకేతాలుగా పెట్టవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ప్రోగ్రామ్‌కు మాత్రం ఒకటి ఆరు సంకేతాల పేరు, ఇంకొకటి ఏడు సంకేతాల పేరు. సెట్ రెండింటినీ ఉంచుతుంది. నార్మలైజ్ అనే పద్ధతిని పిలిస్తే రెండూ ఒకే రూపానికి వస్తాయి.

నార్మలైజ్ తీర్చని చిక్కు ఇంకొకటుంది. ‘వేణుగోపాల్’ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక విడదీసే గుర్తును చేరుస్తాయి. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట, వ కలిసిపోకుండా చూసేది ఆ గుర్తే. అక్కడ దాని అవసరం ఉంది, పేరు చివర లేదు. ట్రిమ్‌కు కూడా అది చిక్కదు, ఎందుకంటే అది ఖాళీ జాగాల కోవలోకి రాదు. ప్రత్యేకంగా వెతికి తీసేయాలి.

ఈ శుభ్రత అంతా కీలోనే చేయండి. చూపించే పేరును మాత్రం మనిషి రాసినట్టే వదిలేయండి.

చురుకుచీమ
అంత దూరం వెళ్లినవాళ్లం, దగ్గరి పేర్లను కూడా కలిపేస్తే పోలేదా? ఒక్క అక్షరం తేడా ఉంటే ఒకే మనిషి అనుకోవచ్చు. లెవెన్‌స్టైన్ దూరం, అంటే ఒక పేరును ఇంకోదానిగా మార్చడానికి ఎన్ని గుర్తులు మార్చాలో, కట్టే లైబ్రరీలు బోలెడున్నాయి.

గణితపక్షి
రమ, రామ, రామం. మొదటి రెంటికీ ఒక్క గుర్తు తేడా. రెండో, మూడో పేర్లకూ ఒక్కటే తేడా. మొదటిదానికీ మూడోదానికీ రెండు. మీ నియమం ప్రకారం రమ, రామ ఒకరే, రామ, రామం ఒకరే, కానీ రమ, రామం ఒకరు కారు. అది సమానత్వమే కాదు. ఏ పేరు ముందు వస్తే దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. దశాంశ సంఖ్యలను ‘దాదాపు సమానం’ అని ఏరివేసినా ఇదే గొడవ. ముగ్గురూ వేర్వేరు మనుషులు అయ్యే అవకాశమే ఎక్కువన్నది వేరే సంగతి.

పాతకాపు
దగ్గరి పేర్లను మనిషికి చూపించి అడగండి, ప్రోగ్రామ్‌తో తీసేయించకండి. డూప్లికేట్ మిగిలిపోతే జాబితా కాస్త పొడుగవుతుంది. అసలుది పోతే ఒకరి జవాబు పోతుంది.

చురుకుచీమ
సరే, ఇది ఒప్పుకుంటాను.

ఇసుకగడియారం
కొంచెం పక్కదారి, క్షమించండి. నా దగ్గర మెమరీలో పట్టనంత పెద్ద లాగ్ ఫైలు ఉంది. వరుసల్లో డూప్లికేట్లు తీయాలి. సెట్‌లో వేస్తే ప్రోగ్రామ్ కూలిపోతోంది.

గణితపక్షి
వరుసక్రమం అక్కరలేకపోతే యునిక్స్ సార్ట్ కమాండ్‌కు ‘యు’ గుర్తు ఇచ్చి వదిలేయండి. అది ముక్కలు ముక్కలుగా డిస్కు మీద సార్ట్ చేసి కలుపుతుంది, మెమరీ సరిపోకపోయినా నడుస్తుంది. నూటికి ఒకటి చొప్పున నిజమైన వరుస పోయినా పరవాలేదంటే, బర్టన్ బ్లూమ్ 1970లో ప్రతిపాదించిన బ్లూమ్ ఫిల్టర్ ఉంది, అది వరుసలను కాకుండా వాటి ఆనవాళ్లనే కొద్ది బిట్లలో గుర్తుంచుకుంటుంది. ఆ స్థాయి పొరపాటుకు అంశానికి సుమారు 10 బిట్లు చాలు, 10 కోట్ల వరుసలకు 120 మెగాబైట్ల చిల్లర. అది ‘చూడలేదు’ అంటే ఖాయంగా చూడలేదు. ‘చూశాను’ అన్నప్పుడే అనుమానం. మీది లావాదేవీల లాగ్ అయితే దాని జోలికి పోకండి.

ఇసుకగడియారం
సార్ట్ సరిపోయింది. ధన్యవాదాలు.

సున్నా_నుంచి
నా చివరి కోడ్ ఇది. ఏమైనా తప్పులుంటే చెప్పండి.

    నమోదులు = సమయం ప్రకారం సార్ట్ చేసిన నమోదులు
    చివరివి = ఖాళీ మ్యాప్
    పక్కనపెట్టినవి = ఖాళీ అరే
    ప్రతి న, నమోదులు నుంచి:
        న.సభ్యసంఖ్య ఖాళీ అయితే:
            పక్కనపెట్టినవి లో న చేర్చు
        లేకపోతే:
            కీ = స్ట్రింగ్(న.సభ్యసంఖ్య) + స్ట్రింగ్(న.పాఠం)
            చివరివి[కీ] = న
    ఫలితం = చివరివి లోని విలువలు

సంఖ్య లేనివాళ్లను పేర్లు చూసి నేనే చేత్తో సరిచూసుకుంటాను, ఎక్కువమంది లేరు.

తాళపత్రం
అంతా బాగుంది, కీ వరుస తప్ప. 12వ సభ్యురాలి 3వ పాఠం కీ "123". 1వ సభ్యుడి 23వ పాఠం కీ కూడా "123". నడుమ గీతో, కోలనో ఏదో ఒక గుర్తు పెట్టండి. ఇక్కడ రెండూ అంకెలే కాబట్టి కోలన్ చాలు. కీలో పేరు లాంటి స్వేచ్ఛగా రాసే స్ట్రింగులు ఉంటే, రెండింటినీ ఒక చిన్న అరేలో పెట్టి జేసన్‌గా మార్చి కీగా వాడండి. చురుకుచీమ గారి స్ట్రింగిఫై అక్కడ సరిగ్గా పనికొస్తుంది.

చురుకుచీమ
చూశారా!

సున్నా_నుంచి
కోలన్ పెట్టాను. ఫలితంలో మూడు నమోదులు పెరిగాయి. ఆ ముగ్గురి జవాబులూ దొరికాయి.